దేవమ్మ ఒప్పుకోని కిటికీలు

దేవమ్మ మొట్టమొదట గెలిచింది ఉప్పునీళ్ల మీద. కోడూరుకు దిగువన, సముద్రం గాలి తగిలే మా పేటలో అప్పట్లో ఎక్కడ బోరు వేసినా ఉప్పే. కుళాయి కోసం పెద్దలు ఇచ్చిన అర్జీలు ఏ బీరువాలో పడి ఉన్నాయో ఎవరికీ తెలియదు. కొత్తగా కాపురానికొచ్చిన దేవమ్మ ఇంకో అర్జీ రాయించలేదు. ఆ బోరునీళ్లతోనే టీ కాచి, ఫ్లాస్కులో పోసుకుని, బస్సెక్కి వెళ్లి ఆఫీసరు గారి బల్ల మీద పెట్టింది. మర్యాదస్తులు కాబట్టి ఆయన ఒక గుక్క తాగారు. రెండో గుక్క తాగలేకపోయారు.

"మా పిల్లలు రోజూ ఇవే తాగుతున్నారండీ" అంది.

ఆ ఎండాకాలం దాటకముందే పేట చివరి ఇంటిదాకా గొట్టం వచ్చింది.

ఆ తరవాత ఆమె సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. వంతెన దగ్గరే వెనక్కి తిరిగిపోయే బస్సును పేటలోకి రప్పించింది దేవమ్మ. బడి ఎదురుగా ఉన్న సారా కొట్టును లేపించింది దేవమ్మ. పొదుపు సంఘానికి సొంత స్థలం పట్టా తెచ్చిందీ ఆమే. ఆ స్థలంలో ఇప్పుడు హాలు లేస్తోంది. మామూలు రోజుల్లో మీటింగులకూ కుట్టుపనికీ; తుఫాను కబురొస్తే ఆడవాళ్లూ పిల్లలూ తలదాచుకోవడానికి. శ్లాబు పడింది, గోడల పూత అయింది. మిగిలినవి కిటికీలు. తంటా అక్కడే వచ్చింది.

కిటికీలు నేనిస్తానని ముందుకొచ్చినవారు గోవర్ధనరావు గారు. మొవ్వలో మాగాణి, ఇక్కడ రొయ్యల చెరువులు ఉన్న ఆసామి. చెయ్యి పెద్దదే. కాకపోతే మన వైపు దాతల సంగతి తెలిసిందే కదా: ఫ్యాను ఇస్తే రెక్క రెక్కకీ పేరు, ట్యూబులైటు ఇస్తే సగం వెలుగు పేరు కిందే పోతుంది. ఆయన కూడా తల్లి ఇందిరాదేవి గారి పేరు అద్దాల మీద చెక్కించి, ఎవరినీ అడక్కుండా కిటికీలు ట్రాక్టరులో పంపించేశారు. పక్కకు జరిపే అద్దాలు, వాటితో గోడలోకి బిగించేసే ఇనుప గ్రిల్లు. పేటంతా చూడడానికొచ్చింది.

దేవమ్మ గ్రిల్లు పట్టుకుని ఊపి చూసింది. "ఇది తెరుచుకోదాండీ?"

"గ్రిల్లు తెరుచుకోవడమేంటి దేవమ్మా? అది దొంగల కోసం" అన్నారు ట్రాక్టరు వెనకే వచ్చిన గోవర్ధనరావు గారు.

"మన హాల్లో ఏముందని దొంగొస్తాడండీ? రెండు జంపఖానాలూ ఒక మైకూ. ఆ మైకు ఎత్తుకుపోతే ఊరంతా వాడికి దణ్ణం పెడుతుంది."

అందరూ నవ్వారు. గోవర్ధనరావు గారు కూడా నవ్వారు. దేవమ్మ నవ్వలేదు.

డెబ్బై ఏడు ఉప్పెన నాటికి ఆమెకు పదేళ్లు. పూరిళ్లు ఆగవని జనం ఊళ్లో ఉన్న ఒక్క గట్టి కట్టడంలోకి పరుగెత్తారు. కట్టడం నిలబడింది. కానీ నీళ్లు తలుపు వైపు నుంచే వచ్చిపడ్డాయి, కిటికీలన్నిటికీ ఊచలు. ఒక్క కిటికీకి మాత్రం చెక్క చివికి ఉంటే, తండ్రి దాన్ని తన్ని ఊడగొట్టి ఆమెను కప్పు మీదికి నెట్టాడు. పెద్దమ్మ అవతలి కిటికీ దగ్గర ఉంది. ఆ ఊచలు పట్టుకునే పోయింది. ఇలాంటివి దివిసీమలో పెద్దవాళ్లందరికీ తెలుసు. తెలిసి కూడా, ఆ తరవాత కట్టుకున్న ప్రతి డాబాకూ మనవాళ్లు ముందు బిగించింది ఊచలే. నీళ్లకు భయపడి డాబా కట్టారు, దొంగకు భయపడి దాన్ని బోను చేశారు.

"నాకు రెక్క పూర్తిగా తెరుచుకోవాలండీ" అంది దేవమ్మ. "గ్రిల్లు కావాలంటే బందుల మీద తిరగాలి, గడియ లోపల ఉండాలి. అమ్మగారి పేరు గుమ్మం మీద రాయించండి. రంగు నేను తెస్తాను."

"తుఫానంటే ముందే బస్సులు పెట్టి ఖాళీ చేయిస్తున్నారు కదా. ఇంకా ఆ రోజులే పట్టుకుని కూర్చుంటే ఎలా?"

"బస్సు అందనివాళ్లుంటారండీ. ఈ హాలు వాళ్లకే."

"అరవై దగ్గరపడ్డావక్కా, కిటికీలోంచి దూకుతావా ఏంటి?" అన్నాడు మేస్త్రీ ధనరాజు.

దేవమ్మ చెప్పులు విడిచింది. కుచ్చిళ్లు ఎగదోపుకుంది. ఖాళీగా ఉన్న కిటికీ గోడ ఎక్కి, అవతల ఇసక కుప్ప మీదికి దూకింది. మోచెయ్యి దోక్కుపోయింది. లేచి, చీర దులుపుకుని, బయటినుంచి పిలిచింది:

"నేనొచ్చేశాను. మీ గ్రిల్లు అడ్డం పెట్టుకుని ఇప్పుడు మీరు రండి, అన్నయ్య గారూ."

గోవర్ధనరావు గారి ముఖం ఎర్రబడింది. "ఇచ్చేవాడికి ఇదా మర్యాద? ఇస్తే ఇవే ఇస్తాను. కాదంటే చేతనైతే నువ్వే తెచ్చుకో."

"తెచ్చుకుంటాను."

ఆయన వెళ్లాక దేవమ్మ తమ్ముడి కూతురు జెస్సీ మెల్లగా అడిగింది. "మాటైతే అన్నావు గానీ అత్తా, చెక్కేదీ?"

"మా ఇంటి తలుపులకని కోయించి ఆరబెట్టిన వేపచెక్క లేదూ?"

"మరి నీ తలుపులు?"

"నాకు గోనెపట్టా చాలే. అక్కడ నేనొక్కదాన్ని, ఇక్కడ పేటంతా."

మర్నాడే చెక్క వ్యానుకెక్కించి, తనూ ముందు సీట్లో ఎక్కింది. చుట్టుదారైనా బందరులో ఆగి ఇత్తడి బందులు కొంది. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అక్కణ్ణుంచి గుడివాడ, వడ్రంగి శ్యాంబాబు షెడ్డుకు. పని అప్పగించి తిరిగొస్తే వడ్రంగి రేపంటాడు, మాపంటాడు. అందుకని కిటికీలు చేతికొచ్చేదాకా కదలనని షెడ్డులోనే పీట వేసుకుంది.

ఇక్కడ గోవర్ధనరావు గారు ఊరుకోలేదు. బిగించేస్తే ఎవరు ఊడబెరుకుతారులే అనుకున్నారు. ధనరాజును పంపించారు. అతను తాపీ పట్టుకొచ్చేసరికి కిటికీ కిటికీకీ ఆడవాళ్లు. ఒకామె చిక్కుడుకాయలు వలుస్తోంది, ఒకామె పిల్లకు జడ వేస్తోంది.

"లేవండమ్మా, పని కావాలి."

"నీ గోడ చల్లగా ఉంది ధనరాజన్నా, లేవబుద్ధి కావట్లేదు" అంది జెస్సీ.

పూటకు కొందరు చొప్పున వంతులు వేసుకున్నారు. కిటికీ ఒక్కటీ ఖాళీ కాలేదు. చివరికి గోవర్ధనరావు గారే బండి మీద వచ్చారు.

"ఎన్నాళ్లిలా కూర్చుంటారు?"

"మా అత్త వచ్చేదాకా అండీ."

"ఎప్పుడొస్తుందట?"

శ్యాంబాబు చేత ఒప్పించుకుని అత్త ఫోనులో చెప్పిన తేదీని జెస్సీ కూర్చున్నచోటి నుంచి లేవకుండానే చెప్పింది.

"ఫిబ్రవరి ఇరవై ఆరు, గురువారం."