రాజనర్సయ్య కబడ్డీకి పోవుట

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, ఓ కాంప్లెక్సు మెట్ల కింద ఉన్న శ్రీ మార్కండేయ డిజిటల్ స్టూడియో నుంచి రాజనర్సయ్య ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఆజ్ఞ జారీ చేస్తున్నాడు: "కదలొద్దు." దానికి అనుబంధంగా మరి మూడు ఉత్తర్వులు ఉన్నాయి. గడ్డం కిందికి. నవ్వొద్దు. రెండు చెవులూ కనబడాలి. కోచింగ్ సెంటర్లకు వచ్చే పిల్లలు జావా నేర్చినా నేర్వకున్నా ఈ నాలుగూ నేర్వకుండా అమీర్‌పేట దాటలేరు. పాస్‌పోర్టుకో, బ్యాంకు పరీక్షకో, హాస్టల్ కార్డుకో, అందరూ ఆ తెల్ల గుడ్డ ముందు, ఆ స్టూలు మీద, ఊపిరి బిగబట్టి కూర్చున్నవారే.

ఇందరిని ఇంత నిశ్చలంగా కూర్చోబెట్టిన ఈ మనిషి తాను మాత్రం అర నిమిషం కుదురుగా ఉండి ఎరుగడు. స్టూలును నాలుగు వేళ్ళు ఎడమకు జరుపుతాడు, మళ్ళీ కుడికి జరుపుతాడు. చక్కగా వెలుగుతున్న లైటును ఆర్పి వెలిగిస్తాడు. కూర్చున్నాడా, కుడి మోకాలు ఊగుతుంది. స్టూడియోలో సగానికి పరదా కట్టి జాకెట్లు కుట్టే ఆయన భార్య చిలకమ్మ, ఆ మోకాలును చాలాకాలంగా వృథా పోతున్న ప్రకృతి వనరుగా పరిగణిస్తోంది.

"గా కాలు జర నా మిషన్ మీద పెట్టరాదు? పొద్దుగూకే యాళ్ళకు నాలుగు జాకెట్లయితయి" అంటుంది.

సిరిసిల్లలో తండ్రి మరమగ్గాల ముందు నిలబడలేకనే ఆయన పట్నం చేరాడు. మగ్గం ఎంత వేగంగా ఆడితే మనిషి అంత కుదురుగా నిలబడి చూడాలి. ఆ ఏర్పాటు ఆయన ఒంటికి పడలేదు. తీరా పట్నంలో దొరికిన వృత్తి ఇది. నవ్వొద్దన్న నిబంధన అమల్లో ఉంది కనుక రాజనర్సయ్య నవ్వలేదు.

నలభై ఎనిమిదో ఏట ఆయనకు ఒక కోరిక పుట్టింది. టీవీలో కబడ్డీ వస్తోంది. గీత పక్కన బోర్లా పడుకుని, మెడలో కార్డులు వేలాడేసుకుని, ఆటగాళ్ళ మోకాళ్ళకు కెమెరాలు ఆనించినట్టుగా నలుగురు ఫొటోలు తీస్తున్నారు. ఆట ఎవరు గెలిచారో ఆయనకు తెలియదు. ఆ కార్డు మాత్రం కళ్ళలో ఉండిపోయింది. చచ్చేలోగా కదిలేదాన్ని ఒకదాన్ని ఫొటో తీయాలి. మెడలో కార్డుతో తీయాలి.

కృష్ణానగర్‌లో ఉండే నర్సింహులు చేత సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి తెప్పించుకున్నాడు. నర్సింహులుది ఆయన ఊరే. సినిమా షూటింగుల్లో ఫోకస్ పట్టే పని చేస్తాడు. అంటే, హీరోగారు కెమెరా వైపు నడిచి వస్తుంటే, దూరం ముందే టేపుతో కొలిచిపెట్టుకుని, అడుగడుక్కీ చక్రం తిప్పుతూ హీరోగారి ముఖం మసకబారకుండా కాపాడే ఉద్యోగం.

కార్డు ఇప్పించగల మనిషి కూడా పక్క బిల్డింగులోనే దొరికాడు. కృష్ణమోహన్ గారిది సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్. ఏటా పంజాగుట్ట వెనక కాలనీ గ్రౌండులో ఇన్‌స్టిట్యూట్ల మధ్య ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెడతారు. వచ్చే నెల జరగబోయే రాష్ట్ర పోటీల కమిటీలోనూ ఆయన ఉన్నారు.

"ఆదివారం మా పోటీలకి రండి రాజనర్సయ్య గారూ" అన్నారాయన. "ఫైనల్లో బ్యానర్ మీద వేసుకునేంత ఫొటో ఒక్కటి తీయండి చాలు. రాష్ట్ర పోటీల్లో గీత పక్కన కూర్చునే కార్డు మీకే. తీయలేకపోయారనుకోండి, ఏముందండీ, మా కుర్రాళ్ళందరి దగ్గరా ఫోన్లున్నాయి."

ఫోన్లన్న మాట రాజనర్సయ్యకు గుచ్చుకుంది. శనివారం సాయంత్రం కెమెరా పట్టుకుని పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నిలబడ్డాడు. కదిలే వస్తువులకు ఆ చౌరస్తాలో కొదవ లేదు. కానీ ఆయన కెమెరా ఎత్తగానే మోటారు సైకిళ్ళ మీద ఒక మహా సంచలనం కలిగింది. కొందరు ట్యాంకు మీది హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకున్నారు. వెనక కూర్చున్న ఒకాయన వంగి నంబర్ ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫొటో కొట్టకు సార్, గిప్పుడే పెట్టుకుంటున్న!" అని ఒకడు బండి ఆపి మరీ మొరపెట్టుకున్నాడు.

"నేను పోలీసును కాదు తమ్మీ. ప్రాక్టీస్ చేస్తున్న."

"చలాన్లకు సుత ప్రాక్టీసా అన్నా?"

ఆ సాయంత్రం ఆయన తీసిన రెండు వందల ఫొటోల్లో స్పష్టంగా వచ్చినవి సిగ్నల్ స్తంభం, ఆగిన బస్సు మాత్రమే. అక్కడికక్కడే నర్సింహులుకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఫోకస్ సింగిల్ల ఉంచినవా?" అన్నాడు నర్సింహులు. "అది స్టూలు మీద కూసున్నోళ్ళకు. ఒక్కసారి దూరం పట్టుకుంటది, ఇగ ఇడువది. మనిషి ఉరికిపోతది, కెమెరా ఆమె ఉన్న జాగనే చూస్కుంట ఉంటది. కంటిన్యువస్‌ల పెట్టు. బటన్ సగం ఒత్తి పట్టినన్ని సేపు ఎంటబడి పోతది."

"మరి కెమెరాల చుక్కల్లెక్క కనబడే గా పాయింట్లు?"

"అన్ని పాయింట్లు దానికే అప్పజెప్పకు, అది దానికి నచ్చినోళ్ళను పట్టుకుంటది. ఒక్కటే పాయింట్ పెడితే నీ చెయ్యి ఆగది. నడుమ నాలుగైదు పాయింట్ల చిన్న జోన్ పెట్టు. ఎవరన్న అడ్డమొస్తే ఎంటనే వాళ్ళ మీదికి దుంకాల్నా, జర ఓపిక పట్టాల్నా అని ఇంకొకటి అడుగుతది. ఓపికనే పెట్టు. షట్టర్ సెకండుల వెయ్యో వంతు. గంతే. పెట్టినంక ఇగ ముట్టకు అన్నా, నీ కాళ్ళు మొక్కుత."

చివరి సలహా ఒక్కటే రాజనర్సయ్య తలకెక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి గ్రౌండులో నీలం మ్యాట్లు పరిచారు. రాజనర్సయ్య గీత పక్కన చతికిలబడ్డాడు. ఒళ్ళు వేడెక్కించుకుంటున్న పిల్లల్లో ఒకమ్మాయి ఆయనను చూసి ఆగింది. జగిత్యాల నుంచి టెస్టింగ్ కోర్సుకు వచ్చిన వెన్నెల. ఆమె పాస్‌పోర్ట్ ఫొటో ఆయన మూడుసార్లు తీశాడు. మొదటిది నవ్విందని తిప్పి పంపారు, రెండోదాంట్లో ఎడమ చెవి జుట్టు కింద పోయింది. మూడోసారి ఆమెను పావుగంట స్టూలు మీద కూర్చోబెట్టి సానపట్టాడు.

"అంకుల్, గీడ సుత నవ్వొద్దా?" అంది.

"నవ్వు బిడ్డా, గీడ నీ ఇష్టం. జర మెల్లగ ఉరుకు."

"మెల్లగ ఉరికితే పట్టుకుంటరు గదా!" అని నవ్వుతూ పోయింది.

సెమీఫైనల్ మొదలైంది. నర్సింహులు చెప్పినట్టే పెట్టిన సెట్టింగులు సుమారు ఆరు నిమిషాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంతకాలం ఏ వస్తువునూ ముట్టకుండా ఉండటం రాజనర్సయ్య జీవితంలో అదే ప్రథమం. రెండు ఫొటోలు బాగానే వచ్చాయి కూడా. కానీ బాగా వచ్చినవి ఇంకా బాగా రావచ్చు కదా అన్న చింత ఆయనను పట్టుకుంది. జోన్ తీసేసి అన్ని పాయింట్లూ కెమెరాకే వదిలాడు. కెమెరాకు మర్యాద తెలుసు. అది ఆటగత్తెలందరినీ దాటి, అవతల సోఫాలో కూర్చున్న ముఖ్య అతిథి ముఖాన్ని పట్టుకుంది. వరుసగా పన్నెండు ఫొటోల్లో ఆయన బోండా తింటున్న క్రమం అత్యంత స్పష్టంగా నమోదైంది.

ఒక్క పాయింట్ పెట్టాడు. ఆ చుక్క కూతకొచ్చిన రైడర్ భుజం మీద ఉండాల్సింది జారి మ్యాటు మీద పడింది. నీలం మ్యాటు ఫొటోలు తొమ్మిది. ఓపిక తగ్గించి, అడ్డమొచ్చిన వాళ్ళ మీదికి వెంటనే దూకమని కెమెరాకు స్వేచ్ఛ ఇచ్చాడు. అది ఆయనకంటే చపలచిత్తం గలదని తేలింది. రైడర్ నుంచి డిఫెండర్‌కు, అక్కడినుంచి రెఫరీ విజిల్‌కు, అక్కడినుంచి ఎదుటివైపు గోడకు దూకింది. ప్రతి రైడుకూ ఒక సెట్టింగు మారింది. తాను ఎక్కడ మొదలుపెట్టాడో మర్చిపోయాడు.

ఫైనల్ వచ్చింది. వెన్నెల జట్టు ఒక పక్క, కృష్ణమోహన్ గారి ఇన్‌స్టిట్యూట్ జట్టు ఒక పక్క. చివరి రైడుకు ముందు స్కోరు ఇరవై రెండు, ఇరవై రెండు. బ్యానర్‌కు పనికొచ్చే ఫొటో ఇంకా ఒక్కటీ లేదు. వెన్నెల రైడ్‌కు కదిలింది. రాజనర్సయ్య వేళ్ళు కెమెరా మీద ఆఖరిసారి పరుగెత్తాయి. ఏం మార్చాయో ఆయన చూసుకోలేదు. ఇరవై ఆరేళ్ళ అలవాటున అవి వెళ్ళి వాలింది సింగిల్ మీదే.

కబడ్డీ కబడ్డీ అంటూ వెన్నెల లోపలికి వెళ్ళింది. మూల నిలబడ్డ అమ్మాయి మోకాలు తాకింది. తాకి వెనుదిరిగింది. మధ్య గీత ఇంకా మూడు అడుగులు. సరిగ్గా రాజనర్సయ్య వైపే వస్తోంది. ఆయన బటన్ సగం నొక్కాడు. కెమెరా కీచుమంది, దూరం పట్టుకుంది, పట్టుకున్న చోటే ఉండిపోయింది. వెన్నెల ఆ చోటు దాటి మసకై పోతోంది. చేతివేలు చేయలేని పని చేయడానికి నోరు ముందుకొచ్చింది.

"కదలొద్దు!"

వెన్నెల ఆగింది. రెప్పపాటే. మెడ నిటారుగా, గడ్డం కిందికి, చూపు సూటిగా లెన్సులోకి. ఆ రెప్పపాటులో వేలు మళ్ళీ నొక్కింది, కెమెరా ఆమెను పట్టుకుని క్లిక్కుమంది, ముగ్గురు డిఫెండర్లు మీద పడ్డారు, విజిల్ మోగింది, ఫైనల్ అయిపోయింది.

రాజనర్సయ్య స్క్రీను చూశాడు. కబడ్డీ మ్యాటు నడుమ, నడుము చుట్టూ మూడు జతల చేతులతో, లోకంలోని ఏ పాస్‌పోర్ట్ ఆఫీసూ తిప్పి పంపలేని ముఖం. రెప్పవెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. రెండు చెవులూ కనబడుతున్నాయి.

వెనకనుంచి కృష్ణమోహన్ గారు వంగి చూశారు. "అబ్బ! ఏం చూపండీ అది! పట్టుకుని లాగుతున్నా బెదురు లేదు. ఇదే బ్యానర్. కార్డు మీదే, ఇంక రెండో మాట లేదు."

అవతల వెన్నెల చుట్టూ జట్టు మూగింది. "ఎందుకాగినవే? దయ్యం పట్టిందా?" అంటోంది ఒకతె. జట్టు కోచ్ చేతులు ఊపుతున్నాడు: "గీతకాడికొచ్చి నిలబడతవా? రాష్ట్ర టీముల నీ పేరు నేనెట్ల రాయాలె?" వెన్నెల ఒక్కసారి రాజనర్సయ్య వైపు చూసి తల దించుకుంది.

రాజనర్సయ్య మోకాలు ఆగిపోయింది. చిలకమ్మ చూసి ఉంటే డాక్టరును పిలిచేది. కార్డు మెడలో పడినట్టే ఉంది. నోరు మూసుకుంటే చాలు. రెండు నిమిషాల క్రితం మూసుకోవలసిన ఆ నోరే ఇప్పుడూ మూసుకోనన్నది. ఆయన లేచి రెఫరీ దగ్గరికి నడిచాడు. రెఫరీ అరుణాదేవి గారు ముప్పై ఏళ్ళు స్కూళ్ళలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. ఆమె ముందు పెద్దవాళ్ళు కూడా వరుసలో నిలబడతారు.

"మేడం, గా పిల్ల ఆగలే. నేనే ఆపిన."

"మీరా? మీరు మ్యాటు మీద లేరు కదండీ."

"నోటితోని ఆపిన మేడం."

అరుణాదేవి గారు వెన్నెలను పిలిచారు. "ఎవరో అరిస్తే ఆగిపోతావా అమ్మా?"

"ఎవరో కాదు మేడం, స్టూడియో అంకుల్. మూడుసార్లు ఫొటో దిగిన. గా మాట ఇనంగనే మెడ దానంతటదే ఆగింది."

"మేడం," అంది గెలిచిన జట్టులోని డిఫెండర్ ఒకతె, చెయ్యెత్తి, "నాది సుత జర గడ్డం కిందికి పోయింది. నేను సుత గాడనే దిగిన."

చుట్టూ నవ్వులు లేచాయి. అరుణాదేవి గారు నవ్వలేదు. "ఫొటోగ్రాఫర్ల నోటి గురించి రూల్సులో ఏమీ రాయలేదు. కాబట్టి నేను చెప్పిందే రూలు. ఆ రైడ్ చెల్లదు, మళ్ళీ ఆడండి" అన్నారు. కృష్ణమోహన్ గారు "మా వాళ్ళు గెలిచారు కదండీ" అని మొదలుపెట్టి, ఆమె విజిల్ నోట్లో పెట్టుకోవడం చూసి విరమించారు. ఆమె రాజనర్సయ్య వైపు తిరిగి వేలు చూపించారు. "మీరు తాడు అవతలికి."

తాడు అవతల జనం కిక్కిరిసి ఉన్నారు. నర్సింహులు మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని కంటిన్యువస్, నడుమ జోన్, ఓపిక అన్నీ పెట్టేలోగా ఇద్దరు భారీ మనుషుల మధ్య ఇరుక్కుపోయాడు. మోచేతులు పక్కటెముకలకు అతుక్కున్నాయి. కెమెరా కంటి దగ్గరే బిగుసుకుపోయింది. ఇక ఏ చక్రమూ తిప్పే అవకాశం భగవంతుడే తీసేశాడు. పెదవులు పళ్ళ మధ్య పెట్టి కొరికిపట్టుకున్నాడు.

వెన్నెల వెళ్ళింది, తాకింది, తిరిగింది. ఈసారి ఎవరూ అరవలేదు. ఒకతె చీలమండ పట్టింది, ఇంకొకతె నడుము. వెన్నెల బోర్లా పడి, ఇద్దరినీ ఈడ్చుకుంటూ, చెయ్యి చాపి పాకింది. గీతకు వేలెడు దూరంలో ఊపిరి అయిపోయింది. విజిల్ మోగింది.

కోచ్ ఈసారి చేతులు ఊపలేదు. తువ్వాలు తెచ్చి ఆమె భుజం మీద వేసి, "మంగళారం ప్రాక్టీసుకు ఆరింటికే రా" అన్నాడు. వెన్నెల తాడు దగ్గరికి వచ్చింది. మోచేయి దోక్కుపోయి ఉంది.

"గీసారి నేనే దొరికిన అంకుల్. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆయన కెమెరా చూపించాడు. చాపిన వేళ్ళు, మ్యాటును గీరుతున్న గోళ్ళు, వేలికి గీతకు మధ్య సన్నని సందు, అన్నీ అద్దంలా ఉన్నాయి. ముఖం సగం జుట్టు కింద ఉంది. చెవులు రెండూ గల్లంతు.

"ఇందులో ముఖం ఏదండీ?" అన్నారు కృష్ణమోహన్ గారు. "బ్యానర్‌కి మొదటిదే ఇవ్వండి."

"అది ఆట కాదు సార్. నేను ఆపి తీసింది." వెన్నెల వైపు చూశాడు.

"గది పెడితే మా హాస్టల్ల నన్ను బతకనియ్యరు" అంది వెన్నెల.

రాజనర్సయ్య మొదటి ఫొటోను అక్కడికక్కడే చెరిపేశాడు. కృష్ణమోహన్ గారి ముఖం ముడుచుకుంది. "ఫోన్ ఫొటోలు చూసుకుంటాంలెండి" అనేసి కదలబోతుంటే, అరుణాదేవి గారు వచ్చి కళ్ళజోడు ఎత్తి రెండో ఫొటో చూశారు. చాలాసేపు చూశారు.

"గీత తాకలేదని నేను చెప్పింది నిజమే. ఇది నాకు పంపండి, విజిల్ వేసినప్పటినుంచి అడుగుతున్నవాళ్ళందరికీ సమాధానం చెప్పలేక చస్తున్నాను" అన్నారు. "రాష్ట్ర పోటీలకి రండి. కార్డు నేనిప్పిస్తాను. కానీ గీత పక్కన కాదు. పైన, గ్యాలరీలో, ఆఖరి వరసలో."

అమీర్‌పేట వైపు నడుస్తూ, మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఒకసారి, జ్యూసు బండి దగ్గర ఒకసారి, సిగ్నల్ దగ్గర ఒకసారి రాజనర్సయ్య ఫోన్ చేశాడు. మూడోసారికి నర్సింహులు ఎత్తాడు.

"నర్సింహులూ, ఆఖరి వరస నుంచి కొట్టాలంటే ఎంత లెన్సు గావాలె? అద్దెకు దొరుకుతదా? గంత దూరం నుంచి జోన్ పెట్టాల్నా, పాయింటా?"

నర్సింహులు ముందు జరిగిందంతా చెప్పించుకుని విన్నాడు.

"లెన్సు నేను చూస్త గని," అన్నాడు చివరికి, "జాగ మాత్రం మస్తు మంచిదిచ్చిన్రు అన్నా. గాడికెళ్ళి నువ్వు ఎంత ఒర్లినా కిందికి ఇనరాదు."