పూజ కాని బండి

దుర్గేష్ చెడ్డవాడేమీ కాదు. ఆ మాట ముందే చెప్పేయాలి. కడదాకా విన్నాక చెబుదామంటే నాకే నోరు రాదు.

నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. చెంగిచెర్లలో నూట ఇరవై గజాల్లో సొంతిల్లు. పదకొండేళ్లు ఓమ్నీ వ్యాన్ నడిపాడు. పొద్దున షిఫ్టుకు పోతూ కాలనీలో ఆరుగురిని ఎక్కించుకునేవాడు. ఆదివారం వెనక సీటు ఊడదీశాడంటే గ్యాస్ సిలిండర్లు, బోనాల డప్పులు, ఎవరింటి పెండ్లి గిన్నెలైనా సరే అందులోనే. తలుపు పక్కకు జరిపితే కాలు పెట్టే చోటు గడప ఎత్తులోనే ఉండేది. పక్కింటి సత్తమ్మ మోకాళ్ల నొప్పులతో కూడా ఎవరి చేయీ పట్టకుండా ఎక్కి కూర్చునేది. "ఇది బండి గాదు కొడుకా, అరుగు," అనేది.

కానీ లోకం పని చూడదు కదా, వాలకం చూస్తుంది. "మా బావ కిడ్నాప్ బండి వచ్చింది" అని బామ్మర్ది ఎగతాళి చేస్తే దుర్గేష్ కూడా నవ్వేవాడు. ఉప్పల్‌లో మేనకోడలి పెండ్లినాడు మాత్రం నవ్వు రాలేదు. కొత్త పంచె కట్టుకుని, భార్య త్రివేణిని పక్కన కూర్చోబెట్టుకుని ఫంక్షన్ హాలు ముందుకు వచ్చాడు. వాచ్‌మన్ విజిలేసి, "క్యాటరింగ్ బండ్లు ఎన్క గేటుకు," అన్నాడు. వెనకాల హారన్లు కొడుతున్న కార్లలో ఉన్నది చుట్టాలే. దుర్గేష్ వెనక గేటుకే పోయి, ఉల్లిగడ్డ బస్తాల పక్కన బండి ఆపాడు. ఆ పూట అతనికి తిండి సయించలేదు.

మూడు నెలలు తిరక్కుండానే ఓమ్నీని దమ్మాయిగూడలో కర్రీ పాయింట్ నడిపే జీవన్‌కు అమ్మేశాడు. ఉప్పల్ షోరూంలో తెల్లటి ఎత్తు కారు తీసుకున్నాడు. సీట్లు మీగడ రంగు. షోరూం నుంచి భార్యతో కలిసి తిన్నగా యాదగిరిగుట్టకు పోయి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించి, సాయంత్రానికి ఇల్లు చేరి కారుకు కవరు కప్పాడు. కుంకుమ మరక పడుతుందేమోనని తెల్లవారే బానెట్ తుడిచేశాడు కూడా. అంత అపురూపం.

తుడిచిన పూటే సత్తమ్మ బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. నుదురు చిట్లింది. తుంటి దగ్గర నుంచి కాలు కదలడం లేదు. కూతురు రాణి పరుగెత్తుకొచ్చింది. త్రివేణి అప్పటికే డ్యూటీకి పోయింది.

"అన్నా, అమ్మ పడ్డది. అంబులెన్స్ అర్ధగంట పడ్తదంటున్నరు. జర బండి తియ్యరాదూ."

దుర్గేష్ తాళంచెవి కోసం లేచాడు. లేచినవాడికి గోడ మీదుగా సత్తమ్మ కనబడింది, నెత్తురుతో తడిసిన కొంగు కనబడింది. మీగడ రంగు సీట్లు మనసులో మెదిలాయి.

"ఇంక పూజ గాలే చెల్లె. పూజ గాని బండిల నెత్తురు పడొద్దంటరు గద. ఆటో పిలుస్త, ఆగు."

మన దగ్గర ఆ మాటకు తిరుగుండదు. బండ దగ్గర నుంచి సత్తమ్మే, "అవును కొడుకా, కొత్త బండి. ఆటోనే పిల్వు," అంది. గండం గడిచిందనుకున్నాడు దుర్గేష్. పాపిష్టి మనసు, అలా అనుకున్నందుకే తరవాత ఎక్కువ కుమిలిపోయాడు.

ఆటోలో ఆమె కాలు ముడవలేదు. సీటు పొడుగునా చాపితే మడమ బయటికి వచ్చింది. రాణి కింద కూర్చుని దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా ఆ పాదం ఎగిరిపడటం సందు మలుపు దాకా చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం రాణి ఫోన్ చేసింది. "ఆపరేషన్ జెయ్యాల్నంట అన్నా. ఇరిగిన బొక్క దారిల ఇంకింత జరిగిందంట. పండవెట్టి తేవాల్సుండె అన్నడు డాక్టర్ సాబ్." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండు అనిపించింది దుర్గేష్‌కు.

పది రోజులు కారు కవరు తీయలేదు. నాచారానికి బస్సులో పోయాడు. దవాఖానాకు రెండుసార్లు పోయి, వార్డు గుమ్మంలోనే పండ్లు నర్సు చేతికిచ్చి దొంగలా తిరిగొచ్చాడు. త్రివేణికీ ఏమీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ మడమే గుర్తొచ్చేది.

పదకొండో నాడు సత్తమ్మ ఇంటి ముందు బండి ఆగింది. తలుపు జరిగిన చప్పుడుకు దుర్గేష్ లేచాడు. పదకొండేళ్లు విన్న చప్పుడు అది. బయటికొచ్చి చూస్తే తన ఓమ్నీయే, పక్కన కర్రీ పాయింట్ పేరు రాసి ఉంది. జీవన్ స్టీరింగ్ ముందు నుంచి దిగాడు. వెనక సీటు తీసేసి, పరుపు పరిచి, సత్తమ్మను పండబెట్టి తెచ్చారు.

"నీ కొత్త కారు ఎత్తు గదన్నా, అమ్మను ఎక్కిచ్చుడు కాదని జీవనన్నను అడిగిన," అంది రాణి.

దుర్గేష్‌కు ఇంక దాచుకోవడం చేతకాలేదు. తలుపు పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మా, గా దినం అబద్ధమాడిన. అప్పటికే పూజ అయ్యింది. నెత్తురంటి సీట్లు ఖరాబైతయని..."

సత్తమ్మ తల కొంచెం తిప్పింది.

"నాకెర్కే కొడుకా. ముందటి దినం పొద్దుగూకంగ గుట్ట పులిహోర నా చేతుల వెట్టింది నీ పెండ్లామే గద."

అంటే, బండ మీద నెత్తురోడుతూ ఆటో పిలవమన్నప్పుడే ఆమెకు తెలుసు. దుర్గేష్ లేచి, ఆమెను ఎత్తడానికి చేతులు చాపాడు.

రాణి అతని ముఖంలోకి ఒక్కసారి చూసింది. మళ్లీ చూడలేదు.

"జీవనన్నా," అంది, "జర నువ్వు పట్టు."

దుర్గేష్ పక్కకు జరిగి, తలుపు మూసుకుపోకుండా పట్టుకుని నిలబడ్డాడు.