గోజీ రసానికి నేను పెట్టిన పత్యం

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నడుము నిటారుగా ఉంచి నడవడం మా ఇంటి అలవాటు కాబట్టి ఆ బరువు ఎవరి కంటా పడలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

వేములపల్లి దగ్గర మాకొక గడి ఉండేది, కోటలాంటి ఇల్లు. పసిరికలు, అంటే కామెర్లు, అయినవాళ్లు మా తాత వాకిట్లో బారులు తీరేవారు. ఆయన పసరు పోసి పత్యం చెప్పేవాడు. పులుపు వద్దు, నీసు వద్దు, ఇది వాడినన్నాళ్లు వేరే మందు ముట్టవద్దు. ఎవరూ ఎదురు అడిగేవారు కాదు. గడి పోయింది, భూములూ పోయాయి. నేను మిర్యాలగూడలో కిరాయి ఇంట్లో ఉంటూ, సూర్యాపేటలో ఒక మీటింగుకు వెళ్లి ఏజెంటుగా చేరి, గోజీ రసం సీసాలు అమ్మేవాణ్ని.

గోజీ మంచి పండే. ఎండితే ఎర్రటి కిస్‌మిస్‌లా ఉంటుంది. విటమిన్లు, పీచు, కంటికి మేలు చేస్తాయని చెప్పే రంగు పదార్థాలు అందులో ఉన్నాయి. అయితే అది తినే వస్తువు, రోగం కుదిర్చే మందు కాదు. మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలని సీసా మీదే ఉంది. నేను చదివాను. చదివానని స్పష్టంగా రాస్తున్నాను.

నరసమ్మది మా గడి ఉన్న ఊళ్లోనే గొర్రెలు కాసే ఇల్లు. ఆమెకు షుగర్ ఉంది, చూపు మసకేసింది. సీసా కొని, మూత తీసి వాసన చూసింది.

“గొర్లకు తాపే మందు లెక్క ఉండదు గద దొరా?”

“తియ్యగనే ఉంటది, తాగు.”

“మరి పత్యం ఏంది?”

ఆ రసానికి పత్యం లేదు. లేదని చెప్పవచ్చు. కానీ ఊళ్లోవాళ్లు మా తాతను ఎలా చూసేవారో ఆమె నన్ను అలా చూసింది. నన్ను ఎవరైనా అలా చూసి ఎన్నేళ్లయింది?

“పులుపు, నీసు ముట్టకు. వేరే మందు వద్దు.”

“షుగర్ గోలీలు గూడనా? ఒక్క పూట గూడ ఇడువొద్దని దవాఖానల సారు అన్నడు.”

“సారు మాట వింటవా, మా ఇంటి మాట వింటవా?”

“గట్లంటరేంది దొరా! మా ఆయనను బతికిచ్చింది మీ తాతనే గద.”

గోలీలు మానేసింది. కొన్ని నెలలకు కోదాడలో కంటి డాక్టరు, షుగర్ విపరీతంగా పెరిగి కంటి లోపల రక్తం దిగిందని, ఇక చూపు రాదని చెప్పాడు. నేను పలకరించడానికి వెళ్తే, గొంతు గుర్తుపట్టి ఆమే ముందు మాట్లాడింది.

“నేనే పత్యం తప్పిన దొరా. మనుమరాలి పెండ్లిల యాట కూర తిన్న.”

నేనేమన్నాను? “మరి తింటే ఎట్ల?” అన్నాను.

గోలీలు మానమన్నది అజ్ఞానంతోనా? కాదు. అమ్మకం కోసమా? అలా అనుకుంటే తేలికగా ఉంటుంది, కానీ ఆమె పత్యం అడిగేసరికే సీసా ఆమెదైపోయింది. ‘డాక్టరును అడుగు’ అనడం మా ఇంట్లో ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. నోరు కట్టుకోలేక కళ్లు పోగొట్టుకుందని కోడళ్లు ఇప్పటికీ దెప్పుతారు. ఆమె కాదనదు.

నన్ను క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమిస్తుంది, అడిగింది దొర కాబట్టి. ఆ క్షమ నాకు అక్కర్లేదు.

నరసమ్మ చూపు పోయింది యాట కూర వల్ల కాదు. గోలీలు మానమన్న నా మాట వల్ల. ఇది ఆమె కోడళ్ల ముందు, ఆమె వినేలా చెప్పబోతున్నాను. నోరు తిరుగుతుందో లేదోనని ముందు ఇక్కడ రాసి చూశాను. తిరిగింది.