గున్నమ్మ ముప్పై సెంట్లు

గున్నమ్మకు ఇల్లూ పొలమూ ఒకటే. బొబ్బిలికి పది కిలోమీటర్ల దూరంలో, కొండవాలున ఉన్న ఊళ్లో ముప్పై సెంట్ల జాగా. ఒక పక్కన రేకుల ఇల్లు, మిగతాదంతా ఎర్ర గ్రావెల్. గునపం వేస్తే ఠంగుమని మోగే నేల. భర్త జోగయ్య పోయాక తొమ్మిదేళ్లుగా ఆమె ఆ నేల మీదే బతుకుతోంది.

వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చి మూడు గట్లు వేసింది. ఒక మడిలో చోడి, అంటే రాగి; దాంతో పాటు కంది. ఇంకో మడిలో మేకలు. మూడోది ఖాళీ. గడ్డి మళ్లీ లేచేదాకా అందులో మేకను దిగనివ్వదు. మేకలు నాలుగే. ఇంకో నాలుగు పెంచుకోరాదా అని ఎవరైనా అడిగితే విసుక్కునేది.

"నాలుగింటికే ఈ నేల సాలదు. ఎనిమిదైతే గడ్డిని ఏళ్లతో సహా తినేస్తాయి. ఆనక ఏటి మిగుల్తాది?"

ఊళ్లో తక్కిన మేకలు ఇష్టం వచ్చినట్టు తిరిగేవి. ఆమెవి గుంజకు కట్టి ఉండేవి. అయినా ఎవరి పెరట్లో ఆకు తెగినా మనుషులు ముందు ఆమె గుమ్మానికే వచ్చేవారు.

కిందటేడు పైనున్న జాగాను మురళీమోహన్ కొన్నాడు. ఆమదాలవలసలో బియ్యం వ్యాపారం చేసి మానుకున్న మనిషి. ఇల్లు కట్టడానికి జేసీబీ తెచ్చి వాలును చదును చేయించాడు, తుప్పలన్నీ పీకించాడు. గున్నమ్మ ఆ రోజే వెళ్లింది.

"బాబూ, నీటిని ఆపేవి ఆ తుప్పలే. ఇప్పుడు వానొస్తే నీరంతా నా మీదికి వస్తాది. ఓ కాలవ తవ్వించండి."

"ఇల్లు పూర్తి కానీ గున్నమ్మా, చూద్దాం."

ఇల్లు పూర్తయింది. కాలువ రాలేదు. ఆగస్టులో ఓ మధ్యాహ్నం గంటన్నర వాన కురిసింది. పైనుంచి వచ్చిన ఎర్రనీటికి మొదటి గట్టు కూలింది, ఆ రాళ్లు పడి రెండోదీ పోయింది. మోకాలెత్తు చోడి వేళ్లతో సహా లేచిపోయింది. తొమ్మిదేళ్లు పెంటా ఆకూ వేసి నల్లగా చేసుకున్న మట్టి, కింద ఇంట్లో ఉండే చిన్నతల్లి గోడ వెనక కుప్ప పడింది.

మర్నాడు గ్రామ సచివాలయంలో వ్యవసాయం చూసే ఝాన్సీ కంప్యూటర్‌లో వెతికి తల అడ్డంగా ఊపింది.

"రికార్డులో ఇంటి స్థలం అని ఉందమ్మా. పంట నష్టం రాయడానికి అవ్వదు. గట్లు ఉపాధి హామీ పనిలో పెట్టడానికీ అవ్వదు."

"ఇది ఇల్లు కాదు, మేకల దొడ్డని పంచాయతీవోలు మొన్న కాగితం పంపినారు. పంట పోతే ఇది పొలం కాదంటన్నారు. మరి నాదేటి తల్లీ?"

పైనుంచి వచ్చే నీటి మీద ఝాన్సీ ఒక ఫిర్యాదు మాత్రం రాసుకుంది. గున్నమ్మ అక్కణ్నుంచి మురళీమోహన్ దగ్గరికి వెళితే అతను అన్నాడు: "వాన నేను కురిపించానా?"

మరిది త్రినాథ్ వచ్చి చూసి, "మిగిలిన గట్టు కూడా తెంపీ వదినా. నీరు ఆగకుండా తిన్నగా కిందికి పోతాది" అన్నాడు.

"కింద సిన్నతల్లిది మట్టిగోడరా. పిల్లల్తో పడుకుంటాది. నీకు బుద్ధున్నాదా?"

ఆమె గునపం తీసుకుని, తన జాగా పై అంచున రోడ్డు వైపు కాలువ తవ్వడం మొదలుపెట్టింది. ఆరు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. తర్వాతి వానకు నీరు చిన్నతల్లి ఇంటిని తప్పించి సిమెంటు రోడ్డు మీద నిలిచింది. రెండు ఆటోలు ఆగిపోయాయి. గంట తిరక్కుండా పంచాయతీ కార్యదర్శి బండి వేసుకుని వచ్చాడు.

"రోడ్డు మీదికి నీరు వదిలిందెవరు?"

"నానే. నా గట్లు పోతే ఒక్కరూ సూడ్డానికి రానేదు. రోడ్డు తడిస్తే ఎంత బేగి వచ్చీసినారు బాబూ!"

అంటూనే ఆయన్ని పైకి తీసుకెళ్లి, నీరు ఎక్కడ పుడుతోందో చూపించింది. మురళీమోహన్ అరుగు మీద నిలబడి ఏదో చెప్పబోయాడు. కార్యదర్శి బురదైన తన ప్యాంటు చూసుకుని, ఆ మాట సాగనివ్వలేదు. పది రోజుల్లో మురళీమోహన్ ఖర్చుతోనే ఊరి కింద పారే గెడ్డ దాకా నీటి గొట్టం పడింది.

చిన్నతల్లి, గున్నమ్మ కలిసి గోడ వెనక మట్టిని గంపలతో పైకి మోశారు. సగమే దక్కింది. మిగతాది అప్పటికే గెడ్డలో కలిసిపోయింది. గడ్డి లేక రెండు మేకల్ని సంతకు తోలక తప్పలేదు. చోడి పోయిన మడిలో ఉలవలు చల్లింది.

అక్టోబరులో ఝాన్సీ కాగితం పట్టుకుని ఇంటికొచ్చింది. ఫిర్యాదు పరిష్కారమైందని వేలిముద్ర కావాలి.

"నీరు మళ్లింది కదమ్మా."

"నీరు మళ్లింది. మట్టి రానేదు. అది కూడా రాస్తే ఏస్తాను."

"అలా రాయడానికి అందులో చోటు లేదు."

"అయితే ఎనక్కి తీసుకుపో."

ఝాన్సీ కాగితాన్ని తిప్పి, వెనక వైపు పెన్నుతో రెండు వరుసలు రాసి, పైకి చదివి వినిపించింది. గున్నమ్మ మొత్తం విని, "పైరు సంగతి వదిలీసినావు" అంది. ఝాన్సీ అదీ రాసింది. అప్పుడు గున్నమ్మ ముద్ర వేయడానికి వేలు ముందుకు చాపింది.