కౌజులను పిలిచినవాడు

నాదర్‌గుల్ చుట్టూ ఇంకా చేలుండే రోజుల్లో లచ్చయ్య లేనిదే దశరథ పటేలు వేటకు బయలుదేరేవాడు కాదు. లచ్చయ్య నాలుకను అంగిలికి ఆనించి కౌజు పిట్టలా కూస్తే చాలు, ఆముదం చేలోంచి మగపిట్టలు కయ్యానికి కాలు దువ్వుకుంటూ బయటికి వచ్చేవి. పటేలు చేతిలో ఇరవై ఎనిమిది బోరు ఇంగ్లీషు తుపాకి ఉండేది. జంట గొట్టాలు చూపుడు వేలంత సన్నగా, భుజానికి ఆనించే అక్రోటు కర్ర మడమ అద్దంలా మెరుస్తూ ఉండేవి.

"పెద్ద గొట్టం తుపాకితో కొడితే పిట్ట తునకలైతది. దీంతో కొడితే కూరకస్తది" అనేవాడు పటేలు.

ఎనభై మూడు చలికాలంలో పట్నం నుంచి పటేలు స్నేహితులు వచ్చారు. పొద్దెక్కినా ఒక్క పిట్ట పడలేదు. వాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే పటేలు మొహం కందిపోయింది. పటేలు ఈల వేసేదాకా, తాను దాక్కుని కూసే పొదలోంచి లేవకూడదని లచ్చయ్యకు కట్టడి. అప్పుడే ఒక కౌజు పొదను రాసుకుంటూ ఎగిరింది. పొదలో మనిషి ఉన్నాడని పటేలుకు తెలుసు. అయినా కాల్చాడు.

ఆవగింజలంత సీసపు ఛర్రాలు రెండు లచ్చయ్య ఎడమ కంట్లో దిగాయి.

"అచ్చం పిట్ట లెక్కనే కూస్తివి గదరా లచ్చిగా, నేనేం జెయ్య!" అన్నాడు పటేలు. స్నేహితులు విరగబడి నవ్వారు. దవాఖాన గేటు దగ్గర చెవిలో చెప్పాడు: "ముల్లు గుచ్చుకున్నదని చెప్పు." లచ్చయ్య అలాగే చెప్పాడు. కన్ను పోయింది. ఆ వారం పడిన పిట్టల్లో రెండింటిని లచ్చయ్య ఇంటికి పంపించాడు పటేలు. నెల తిరక్కముందే మళ్లీ కబురు పెట్టాడు.

"కన్ను పోతే ఏందిరా, నోరు బాగనే ఉన్నది గద!"

లచ్చయ్య వెళ్లాడు. ఇంకో ఆరేళ్లు కూశాడు.

చేలు ప్లాట్లయ్యాయి. మన్సూరాబాద్‌లో పటేలు అపార్ట్‌మెంట్ కట్టాడు. లచ్చయ్య దానికి వాచ్‌మన్ అయ్యి, మెట్ల కింది గదిలో చేరాడు. రెండేళ్ల కింద పటేలుకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మధ్యాహ్నాలు కాసేపు ఆయన దగ్గర కూర్చోమని కోడలు స్వరూపరాణి లచ్చయ్యకు చెప్పింది.

ఒకరోజు ఊరికే, పొద్దుపోక, లచ్చయ్య కౌజులా కూశాడు. పటేలు ఎడమచేతి చూపుడువేలు దుప్పటి మీద కొక్కెంలా వంగింది. కళ్లు గోడకున్న తుపాకి వైపు తిరిగాయి. ఇంకేమీ కదల్లేదు. కాసేపటికి కంటి కొసల నుంచి నీళ్లు కారాయి.

స్వరూపరాణి పరిగెత్తుకొచ్చింది. "మామకు వేలు కదిలింది! రోజూ గిట్లనే కూయి లచ్చయ్యా."

"అట్లనే అమ్మా."

లచ్చయ్య రోజూ కూశాడు. ఒకరోజు తలుపు వెనక నుంచి, ఒకరోజు మంచం కింద నుంచి, ఇంకోరోజు పటేలు మెడ తిప్పలేని వైపు నుంచి. వేలు వంగేది, నీళ్లు కారేవి. నీళ్లు ఆగాక తుడిచి మళ్లీ కూసేవాడు. ఎప్పటికైనా జాలి కలుగుతుందేమోనని తనను తాను చూసుకున్నాడు. కలగలేదు. అన్నం మాత్రం ఇదివరకటి కన్నా హితవుగా తిన్నాడు.

ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించమన్నారు. ఇక వాడేవాళ్లు లేరని పటేలు కొడుకు దాన్ని పూర్తిగానే వదిలించుకోవాలనుకున్నాడు. గోడ మీంచి దించింది లచ్చయ్యే. ఖాళీ తుపాకిని పటేలు రొమ్ము మీద అడ్డంగా పెట్టి, వంకర పోయిన వేలిని మీట మీదికి తెచ్చి ఆనించాడు.

"పోతున్నది పటేలా. ఒక్కసారి పట్టుకో."

చెవి పక్కన గట్టిగా కూశాడు. వేలు మీటను లాగలేక వణికింది. పటేలు గొంతులోంచి కుక్కపిల్ల మూలిగినట్టు చప్పుడొచ్చింది. లచ్చయ్య తుపాకి తీసి గుడ్డలో చుట్టి కొడుకు చేతికిచ్చాడు.

ఆ తర్వాత ఎంత కూసినా పటేలు వేలు కదల్లేదు. నలభై రోజులకు పోయాడు.

దినం నాడు చుట్టాలందరి ముందు స్వరూపరాణి కళ్లొత్తుకుంది. "సొంత కొడుకు గూడ అంత జెయ్యలే. రోజూ పిట్ట లెక్క కూసి నవ్విచ్చేటోడు." లచ్చయ్య తలవంచుకుని విన్నాడు. మటన్ మళ్లీ అడిగి వేయించుకున్నాడు.

మర్నాడు ఆమె మెట్ల దగ్గరికి వచ్చింది. "కెమెరాలు పెట్టిస్తున్నం లచ్చయ్యా. గా రూము ఖాళీ చెయ్యాలె."

"ఎప్పటికల్ల?"

"ఐతారం లోపల."

లచ్చయ్య ఐతారం దాకా ఆగలేదు. ఆ సాయంత్రమే గిన్నెలు మూట కట్టుకుని, హయత్‌నగర్‌లో ఉన్న కూతురి ఇంటికి బస్సెక్కాడు.