సాగర్ నీళ్ల మీద వేసిన కొంగుముడి

ఇట్లా నా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను. బయట వాన పడుతోంది, రేకుల మీద చప్పుడుకు నా మాట సగం కొట్టుకుపోతుంది. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా ఉంటేనే వినపడుతుంది. పైగా నేను చెప్పబోయేది భయపడిన సంగతి. అది దూరం నుంచి చెబితే నవ్వులాటగా ఉంటుంది, దగ్గర నుంచి చెబితేనే భయంగా ఉంటుంది.

మొన్న కూరగాయలకని ఉప్పల్ పోయాను. చౌరస్తా దాటాక మెట్రో స్తంభాల కింద ఒకాయన వానకాలం రాగానే తాడు కట్టి వానకోట్లు వేలాడదీస్తాడు. నల్లవి, నీలం రంగువి ఉంటాయి ఎప్పుడూ. ఈసారి అన్నీ నారింజ రంగువే తెచ్చాడు. గాలికి అవి పొట్టలు ఉబ్బించుకుని, లోపల మనిషి లేకుండానే చేతులు ఊపుతున్నాయి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చేతిలో సంచి ఎంత బరువుందో అప్పుడే తెలిసింది. "ఏం గావాలె పెద్దమ్మా? ఊకె సూస్తున్నవ్" అన్నాడాయన. "ఏం వద్దు బిడ్డా" అని ముందుకు నడిచాను కానీ, ఆ రంగు మా నాచారం సందు దాకా నా వెనకే వచ్చింది. ఆ రంగు జాకెట్టు నా ఒంటి మీద ఒకే ఒక్క మధ్యాహ్నం ఉంది. ఆ మధ్యాహ్నం సంగతే మీకు చెప్పేది.

ముందు నా సంగతి కొంచెం తెలియాలి. నేను పుట్టింది జనగామ అవతల ఒక మెట్ట ఊళ్లో. మాకు నీళ్లంటే బావిలో కనపడే చారెడు ఆకాశం, అంతే. ఆ బావిలోనే మా చిన్న మేనత్త కాలు జారి పడింది. నన్ను చూడనివ్వలేదు, ఇంట్లో పెట్టి గొళ్లెం వేశారు. కానీ గిలక మీద మోకు తిరిగిన చప్పుడు గోడ అవతల నుంచి విన్నాను, అది ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆనాటి నుంచి నీళ్లంటే నాకు పడదు. నాచారం వచ్చి ఇన్నేళ్లయింది, మా ఆయన ఫ్యాక్టరీ పని మొదలుపెట్టి రిటైరయ్యేదాకా ఇదే ఇల్లు, అయినా మా ఇంటి సంపు మూత మీద కాలు పెట్టను, చుట్టూ తిరిగి పోతాను. డ్రమ్ములో చెంబు ముంచినా ఒక చెయ్యి అంచు పట్టుకునే ఉంటుంది. మా ఆయన దానికి నవ్వుతాడు. "డ్రమ్ముల ఎవడన్న మునిగిండా?" అంటాడు. నేను అంచు పట్టుకుంటున్నాను కాబట్టే కదా ఎవరూ మునగలేదు!

మా వైపు ఇంకో పట్టింపు ఉంది. కడుపుతో ఉన్న ఆడది నీళ్లు దాటకూడదు. వాగైనా సరే, వంతెన మీదైనా సరే. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మను ఎండిపోయిన వాగు కూడా దాటనివ్వలేదట, ఇసుక కింద నీళ్లుంటాయని. అటువైపున్న పుట్టింటి వాళ్లే కుండలూ గంపలూ మోసుకుని ఇవతలికి వచ్చి గాజులు తొడిగిపోయారట. ఇందులో నవ్వడానికి ఏముంది? మా ఇంట్లో అందరూ బతికి బట్టకట్టింది అట్లాంటి జాగ్రత్తలతోనే అని మా నమ్మకం.

ఇక మా కోడలు. ఆ పిల్లది గోదావరి నడుమ లంక ఊరు. ఉప్పల్‌లో మా వాడు పనిచేసే ఆఫీసులోనే పనిచేసేది, అట్లా మా ఇంటికి వచ్చింది. మాట మెత్తన, మనిషి గట్టి. నన్ను "అత్తయ్యగారూ" అని పిలుస్తుంది. మొదట్లో ఆ "గారూ" వినగానే వెనక్కి తిరిగి చూసేదాన్ని, ఇంకెవరైనా వచ్చారేమోనని. మొదటిసారి ఆమెకు నెల తప్పినప్పుడు నేను ఆ పట్టింపు గట్టిగా పట్టాను. మూసీ వంతెన అవతలికి పోనివ్వలేదు, దవాఖానా కూడా ఇవతలే చూశాం. పాపం ఎదురు చెప్పలేదు. ఆ సంతోషం మా వదిన చెవిన పడింది. మా వదినంటే మా ఆయన అక్క, ఊళ్లో ఉంటుంది. ఆమె చెవిన పడ్డ మాట పొద్దుగూకేసరికి ఊరంతా తిరిగి వస్తుంది. మూడో నెలలో కడుపు నిలవలేదు. ఆ తర్వాత ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "ఎన్నో నెల బిడ్డా? ఏం తినబుద్ధి అయితాంది?" అని. ప్రతి ఫోనుకూ ఆ పిల్ల "లేదండీ, పోయిందండీ" అని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చేది. పోయిన దానికన్నా ఆ చెప్పుకోవడం ఆమెను ఎక్కువ నలిపింది. అప్పటి నుంచి ఇంట్లో ఆ పిల్ల కూనిరాగం లేదు, గిన్నెల చప్పుడు తప్ప.

అట్లా ఏడాది దాటింది. మా వదిన కళ్ల ఆపరేషనుకు మా ఇంటికి వచ్చింది. కట్టు విప్పి, చుక్కల మందు రోజులు గడిచి, నల్లద్దాలు పెట్టుకుని గడప మీద కూర్చుని ఒకటే పోరు. "కండ్లైతె వచ్చినయి. ఇగ జూడనీకె మీ నాచారంల ఏమున్నది, ఫ్యాక్టరీ గోడలు దప్ప? బుద్ధుని బొమ్మ జూపెట్టున్రి. గా నీళ్లల్ల నిలవడ్డదంట గద." మా వాడు సరేనన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మేం నలుగురం బస్సెక్కి సాగర్ ఒడ్డున ట్యాంక్‌బండ్ చేరాం. మా ఆయనకు మోకాళ్ల నొప్పి, ఇంటి దగ్గరే ఉన్నాడు. అక్కడ రకరకాల బోట్లు. బొమ్మ దగ్గర దించి మళ్లీ ఎక్కించుకునేవి ఉన్నాయి, నీళ్ల మీద చీరుకుంటూ ఉరికేవీ ఉన్నాయి. మా వాడు అన్నింటికన్నా తక్కువ టికెట్టుది చూశాడు. అది ఎక్కడా దింపదు, బొమ్మ చుట్టూ తిప్పి మళ్లీ ఒడ్డుకు తెస్తుంది. వాళ్లు ముగ్గురూ పోయేటట్టు, నేను ఒడ్డు మీద టిఫిను డబ్బా పట్టుకుని కూర్చునేటట్టు ఇంటి దగ్గరే ఒప్పందం అయిపోయింది.

వాళ్లు ఎక్కారు. ఎక్కిన వాళ్లకు ఒకాయన నారింజ రంగు జాకెట్లు తొడిగి బెల్టులు బిగిస్తున్నాడు. మా వదినకు బిగించాడు. మా వాడికి బిగించాడు. కోడలి దగ్గరికి వచ్చేసరికి ఆమె అతని చెయ్యి ఆపింది. "పైది పెట్టండి చాలు. కింది బెల్టు వద్దండీ" అని, పొత్తికడుపు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒడ్డు మీద నుంచి నేను చూశాను. ఆడది అట్లా చెయ్యి పెట్టుకుంటే, ఇంకో ఆడదానికి డాక్టరు చెప్పాలా? వచ్చేటప్పుడు బస్సులో వాంతి వచ్చినట్టై కిటికీ వైపు తిరిగింది, పచ్చి మామిడికాయ ముక్క నోట్లో పెట్టుకుంది. అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఆమె కళ్లు నా కళ్లను పట్టుకున్నాయి. మెల్లగా తల అడ్డంగా ఊపింది. అందరి ముందు అనొద్దు, ఈసారి ఎవరికీ తెలియొద్దు అని. పక్కనే మా వదిన ఉంది. నేను అరిస్తే ఆ పొద్దుకే ఊరంతటికీ తెలుస్తుంది. అరవకపోతే బోటు కదులుతుంది. అప్పటికే ఒకాయన తాడు విప్పుతున్నాడు.

నేనెట్లా ఎక్కానో నాకు తెలియదు. టిఫిను డబ్బా ఒడ్డు మీదే ఉండిపోయింది. "ఓ అమ్మా, పైలం!" అని ఎవరో జబ్బ పట్టి లోపలికి లాగారు. మా వాడు నోరు తెరిచాడు. "అమ్మా! నువ్వా? బోట్లనా?" మా వదిన నల్లద్దాలు పైకి జరిపి, "సూడు, నా తమ్ముని పెండ్లం మస్తు ధైర్నం జేసింది" అని చప్పట్లు కొట్టింది. ధైర్యమా! కాళ్ల కింద రేకు వణుకుతోంది, ఆ వణుకు మోకాళ్ల దాకా, అక్కడి నుంచి పళ్ల దాకా ఎక్కింది. డీజిలు వాసన, కుళ్లిన నాచు వాసన. ఒడ్డు మెల్లగా వెనక్కి పోతుంటే ఎవరో గుండెల్లో నుంచి దారం లాగుతున్నట్టుంది. నీళ్లు పచ్చగా నల్లగా ఉన్నాయి, లోతు కనపడదు. కనపడని లోతులో మా చిన్న మేనత్త గుర్తుకొచ్చింది.

కోడలి పక్కన చేరి, నా కొంగు చివర ఆమె చున్నీ చివరకు ముడి వేశాను. ఒకటి కాదు, మీద ఇంకొకటి. జాకెట్లు ఇచ్చే ఆయన చూసి దగ్గరికి వచ్చాడు. "గిదేంది తల్లీ? గట్ల ముడేసుకుంటె ఒకరు వడితె ఇద్దరు వోతరు."

"అందుకే ఏసిన కొడుకా" అన్నాను.

ఆయన నా ముఖం చూసి, నాకూ ఒక నారింజ జాకెట్టు తొడిగి, బెల్టు ఇంకో చుట్టు బిగించి పోయాడు.

బొమ్మ దగ్గర పడింది. మా వదిన లేచి నిలబడి చేతులు జోడించింది. "అబ్బబ్బ, ఎంత సల్లగ నవ్వుతుండు!" మా వాడు ఆమె వెనక నిలబడి ఫొటోలు తీస్తున్నాడు. నాకు రాయీ కనపడలేదు, నవ్వూ కనపడలేదు. సికింద్రాబాద్ వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది, అదొక్కటే కనపడింది. గాలి ఒక్కసారిగా లేచింది. చినుకులు అడ్డంగా కొట్టాయి. పక్కల పరదాలు దించారు, అవి టపటపా కొట్టుకుంటున్నాయి. బోటు ఒక పక్కకు ఒరిగి, ఇంకో పక్కకు ఒరిగింది. పిల్లల ఏడుపు. నడిపే ఆయన ఇంజను నెమ్మది చేసి, "ఎవలు లెవ్వద్దు! గాలి తగ్గనియ్యున్రి, జర ఆగి పోదాం" అని కేక వేశాడు. ఆగడమా? నీళ్ల నడుమ ఆగడమా? కోడలు ఒరిగినప్పుడల్లా నా చెయ్యి ఆమె పొట్టకు అడ్డం పోతోంది. గంగమ్మ తల్లీ, ఒడ్డుకు చేర్చు, బోనం ఎత్తుతా, ఈ ఒక్కసారికి చూడనట్టుండు తల్లీ, ఆ పిల్ల తెలియక ఎక్కింది అని లోపల మొరపెట్టుకుంటున్నాను.

"అత్తయ్యగారూ, మీ చెయ్యి ఐసుముక్కలా ఉందండి" అంది కోడలు నా చెవి దగ్గర.

"ఎందుకెక్కినవ్ బిడ్డా?" ఆమె చెవి దగ్గరికి వంగి అడిగాను. "నీళ్లు దాటొద్దని జెప్పిన గద."

"మాది లంకండి. మాకు నీళ్లు దాటకపోతే ఆసుపత్రే లేదు. మా అమ్మ నొప్పులతోనే పడవెక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే నేను గోదాట్లోనే పుట్టేదాన్నంట." కొంచెం ఆగింది. "కిందటిసారి మీరు చెప్పినట్టే ఏ నీళ్లూ దాటలేదు కదండీ నేను."

అంతే అంది. నన్ను తప్పుపట్టే గొంతు కాదది, వానలో మాట జారిపోయినట్టు అంది. కానీ బోటు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ ఊపింది. నిజమే కదా. మూసీ వంతెన కూడా దాటలేదు ఆ పిల్ల. అయినా నిలవలేదు. మరి నేనిన్నాళ్లూ దేని అంచు పట్టుకుని ఉన్నట్టు? ఆ అంచు కూడా చేతిలో నుంచి జారిపోయాక, ఇక పట్టుకోవడానికి ఆ తడిసిన ముడి ఒక్కటే మిగిలింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. భయం తగ్గలేదు, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ అప్పటిదాకా ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. ఆమె వేళ్లు నా గుప్పిటను చుట్టుకున్నాక తెలిసింది, లంకలో పుట్టిన పిల్ల చెయ్యి కూడా వణుకుతోందని. నీళ్లకు కాదు ఆమె భయం. మళ్లీ మూడో నెల వస్తుంది కదా, దానికి.

గాలి తగ్గింది. ఇంజను గట్టిగా అరిచింది. ఒడ్డు వచ్చింది. దిగేటప్పుడు చూస్తే ముడి తడిసి బిగుసుకుపోయింది, గోళ్లతో లాగినా ఊడలేదు. వెనక జనం తోస్తున్నారు. చేసేదేముంది, కొత్త పెళ్లికూతురూ పెళ్లికొడుకులాగా నేనూ కోడలూ ఆ ముడితోనే బోటు దిగి, జనం నవ్వుతుండగా గట్టు మీదికి నడిచాం. టిఫిను డబ్బా అక్కడే ఉంది, పులిహోర చల్లారిపోయింది.

మా వదిన మా ముందు నిలబడి నల్లద్దాలు తీసింది. ముడిని చూసింది, కోడలి చేతిని చూసింది, అది ఎక్కడ ఆనుకుని ఉందో చూసింది. నా ప్రాణం మళ్లీ నీళ్లలో పడ్డట్టైంది. ఆమె అద్దాలు మెల్లగా పెట్టుకుంది. "నాకేం కనవడలే" అంది. "పొద్దుగాల కండ్లల్ల మందేసుకున్న. అంత మసక మసక ఉన్నది." ఆ తర్వాత పళ్లతో కొరికి ఆ ముడి విప్పింది కూడా ఆమే. ఊరికి పోయాక నోరు విప్పలేదు. ఆమెను కన్న తల్లి కూడా నమ్మదు ఆ మాట చెబితే.

మూడో నెల వచ్చింది, పోయింది. నేను మూసీ వంతెన గురించి ఒక్క మాటా అనలేదు. కానీ ఆ పిల్ల వంతెన అవతలి డాక్టరు దగ్గరికి పోయిన ప్రతిసారీ పక్కన కూర్చుని, వంతెన దాటేదాకా కొంగు చివర గుప్పిట్లో పెట్టుకున్నాను. బోనం మాత్రం చెప్పినట్టే ఎత్తాను.

మొన్న ఆ వానకోట్ల దగ్గర నుంచి ఇంటిదాకా వచ్చి, సంచి గడప లోపల పెట్టి, మళ్లీ బస్సెక్కి ఉప్పల్ పోయాను. "పిల్లల సైజు ఉన్నదా బిడ్డా?" అని అడిగాను. అదిగో, సందులో నిలిచిన వాననీళ్లలో గెంతుతున్న ఆ నారింజ బుడ్డది మా మనవరాలు. వాళ్లమ్మ లాగే దానికీ నీళ్లంటే భయం లేదు. నేను మాత్రం ఇక్కడ గడప మీద నుంచి ఒక కన్ను దాని మీదే వేసి మీకు ఈ కథ చెబుతున్నాను. ఆ రోజు బోటు చుట్టి వచ్చింది కాసేపే, కానీ నేను ఆ బోటు దిగింది ఈ పిల్ల పుట్టి ఏడ్చిన రోజున. కొన్ని ప్రయాణాలు గడియారం చెప్పినప్పుడు ముగియవు, మనసు ఒడ్డు తాకినప్పుడే ముగుస్తాయి.

ఇక లేవండి, వాన వెలిసేటట్టుంది. మీ ఇంటి కుండలు నిండుగా ఉండాలి, మీ ఇంటి పిల్లలు నీళ్లలో ఆడి పొడిబట్టల్లోకి తిరిగి రావాలి, మీ వాళ్లు ఏ నీళ్లు దాటినా మీ గడప దగ్గరే దిగాలి. చల్లగా ఉండండి.