వీపుకు వీపు

కొత్త యోగా చాప విప్పిన రోజు ఇల్లంతా రబ్బరు వాసన. మా వీధి చివర మేడమీద పొద్దున్నే నడిచే క్లాసుకని నంద్యాల బజారులో కొనుక్కున్న ఊదారంగు చాప అది. ఎండలో ఆరేసినా, తడిగుడ్డతో తుడిచినా ఆ వాసన వదల్లేదు. నేలమీద కూర్చోవడానికి ఇంత కంపు కొట్టే వస్తువును కొని తెచ్చుకున్నానే అని నామీద నాకే ఒళ్లు మండింది. నేలమీద కూర్చోవడమంటే నాకు తెలిసిన వాసన వేరు. అది గోనెపట్టాలది, వాటి నేతలో ఇరుక్కున్న ఎర్రమట్టిది, నీళ్లు చిలకరించిన బుడ్డలది. వేరుశనక్కాయలను మా వైపు బుడ్డలంటారు.

ఆ వాసన మా ఆళ్లగడ్డ ఇంటిది. నాయన శ్రీశైలంలో డ్యాం పనికి పోతే, అమ్మ చంకన తమ్ముణ్ణి వేసుకుని ఆయన వెంట పోయింది. నన్ను మాత్రం బడి పాడవుతుందని జేజి దగ్గర, అంటే నాయన తల్లి దగ్గర వదిలారు. ఎండాకాలం సెలవులకు వచ్చి తీసుకుపోతామన్నారు. సెలవులొచ్చాయి, వేపపూత రాలిపోయింది, ఉగాదికి చేసిన బచ్చాల రుచి కూడా మరిచిపోయాను, వాళ్లు మాత్రం రాలేదు. నేను పొద్దస్తమానం వీధి అరుగు మీద కూర్చుని, నంద్యాల వైపు నుంచి బస్సు హారన్ వినిపిస్తే చాలు లేచి నిలబడి, దుమ్ము అణిగాక మళ్లీ కూర్చునేదాన్ని. పక్కింటి పిల్లలు అచ్చెనగాయల ఆటకు పిలిచినా పోయేదాన్ని కాదు. ఏడవడం కూడా మానేశాను. మనం ఎవరికీ అక్కర్లేదని గట్టిగా నమ్మకం కుదిరాక ఏడుపు రాదు.

ఏరువాకకు ముందు ఇంటింటా విత్తనం బుడ్డలు ఒలిచే రోజులవి. మిషనులో వేస్తే పప్పు మీది ఎర్రపొర చిట్లి మొలక రాదని విత్తనానికి చేత్తోనే ఒలవాలి. మా ఇంటి నడిమి వాకిట్లో, పందిరి నీడన గోనెపట్టాలు పరిచి, కాయలు కుప్పపోసి, జేజి దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చునేది. నిండైన మనిషి. ఆకూవక్కతో ఎర్రబడిన నోరు, మోచేతుల దాకా అంటుకున్న మట్టి, బొటనవేలి గోరు కింద ఎప్పుడూ ఓ పగులు. వేళ్ల మధ్య టప్‌మని కాయ పగలడం, చేటలో పప్పు రాలడం, దూరంగా ఎవరింట్లోనో జొన్నరొట్టె తట్టే చప్పుడు, అంతే, ఆ వాకిట్లో ఇంకో అలికిడి ఉండేది కాదు. ఒకరోజు అక్కడినుంచే నన్ను కేకేసింది.

"ఏందిమే, ఆడ కూచోని బస్సులు లెక్కపెడ్తాండావా? ఈడికి రా. నా నడుము ఇరిగిపోతాంది, గోడేమో యాడో ఉంది. నా ఈపుకు నీ ఈపు ఆనిచ్చి కూచో."

వెళ్లి కూర్చున్నాను. ఆమె వీపు వెచ్చగా, చెమటతో తడిగా, రవికె అంచు నా మెడ దగ్గర ఒత్తుకుంటూ ఉంది. మడమలు నేలకు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి, అంత పెద్ద మనిషిని నేనే మోస్తున్నానన్న గర్వంతో మధ్యాహ్నం దాకా కదలలేదు. బస్సు హారన్ వినిపించినా లేవలేదు. నేను లేస్తే జేజి వెల్లకిలా పడిపోదూ? మధ్యమధ్య తల తిప్పకుండానే ఓ పప్పుగింజ నా భుజం మీదుగా అందించి, "బరువుగా ఉండానా?" అనేది. "లేదు" అనేదాన్ని, పళ్లు బిగించి. ఆ ఎండాకాలమంతా అదే నా ఉద్యోగం. వీధిలో ఎవరైనా ఆడుకోను రమ్మంటే, నాకు పనుంది పొమ్మని ఎగిరిపడేదాన్ని. నాకు పనుంది అని చెప్పుకోవడంలో ఎంత సుఖముందో అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి, ఒలిచేటప్పుడు చితికిన పప్పుతో ఎండుమిరపకాయలేసి నూరిన ఊరిమిండి పచ్చడి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ చల్లని మజ్జిగ. పొద్దువాలాక జేజి చాపమీద బోర్లా పడుకుని నడుము తొక్కమనేది. గోడ పట్టుకుని ఆమె వీపుమీద అటూఇటూ నడుస్తుంటే ఎముకలు కటకటమనేవి, ఆమె హమ్మయ్య అనేది. నాకో అనుమానం.

"పొద్దంతా నా మీద ఆనుకున్యావు కదా జేజీ, ఇంగా ఎందుకు నొస్తాంది?"

"నువ్వు లేకుంటే ఇంగా నొచ్చుండు. తొక్కు, మాట్లాడొద్దు."

వానలు పడ్డాక అమ్మ వచ్చింది. శ్రీశైలంలోనే బడిలో వేస్తాం, పోదాం పద అంది. నేను స్తంభం పట్టుకుని రానన్నాను. ఎందుకే అంటే, "జేజి ఎనక్కి పడిపోతాది" అన్నాను. అమ్మ నవ్వింది, పక్కింటి వాళ్లూ నవ్వారు. జేజి నవ్వలేదు. చేటలో పప్పు కెలుకుతూ, "పో మే. నేను గోడ కాడ కూచుంటాలే" అంది. బస్సులో దారిపొడుగునా నాకు జేజి మీద కోపమే, అంత సుళువుగా వదిలేసిందని.

ఇప్పుడు నా నడుమూ మొరాయించింది. యోగా చేయండి, నలుగురిలో పడినట్టూ ఉంటుందన్నాడు డాక్టరు. మా ఆయన పోయాక ఇంట్లో నా మాట నాకే వినపడటం కొత్తగా ఉంది. పిల్లలు లేరు. మొదటిరోజు ఆ మేడమీద నేల మీదికి దిగడమే పెద్ద గండం, మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నిరసన తెలిపాయి. అదయ్యాక టీచరమ్మ, పక్కూరు బండి ఆత్మకూరు నుంచి వచ్చే సన్నటి అమ్మాయి, వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి, జతలు పట్టుకోండంది. అత్తాకోడళ్లు, ఇరుగూపొరుగూ క్షణంలో జతలైపోయారు. నేను ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలాను. అంత వయసు వచ్చి, చాప పట్టుకుని నిలబడి, ఎవరైనా పిలుస్తారేమోనని చూశాను. ఆ అరుగు మీది పిల్ల ఇంకా అక్కడే ఉంది.

క్లాసుకొచ్చే ఒకావిడ మనవరాలు, సెలవులకని పాణ్యం నుంచి వచ్చిన చిన్నపిల్ల, మూలన కూర్చుని మమ్మల్ని చూసి నవ్వుకుంటోంది. టీచరమ్మ ఆ పిల్లను నా వెనక కూర్చోబెట్టి, "అమ్మా, బరువంతా పాప మీద ఎయ్యొద్దు. మీ నడుము మీరే నిలుపుకోవాల" అంది.

ఆ చిన్న వీపు నా వీపుకు తగిలింది. పిచ్చుకంత పిల్ల. ఏమాత్రం వాలినా ముందుకు పడిపోతుందని భయమేసి, పొట్ట బిగించి, నడుము నిటారుగా పట్టి, తగిలీ తగలనట్టు నన్ను నేను ఆపుకుని కూర్చున్నాను. పిల్ల మడమలు నేలకు తన్నిపెట్టడం తెలుస్తోంది. కాసేపటికి వెనకనుంచి గొంతు బిగించి అంది, "బాగా ఆనుకో అవ్వా. నాకేం బరువు గాదు."

అంత నిండైన జేజి అప్పుడు నా మీద ఏం ఆనుకుని ఉంటుంది? పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా, కాయ ఒలుస్తూ, నన్ను తాకుతూ, నా మీద పడకుండా, తన బరువు తానే పట్టుకుని కూర్చుంది. గోడ మరీ దూరమేం కాదు, పట్టా నాలుగు మూరలు జరుపుకుంటే చాలేది. కళ్లు మూసుకోండి అంటోంది టీచరమ్మ, నయమైంది. ఆరోజు సాయంత్రం నడుము పట్టేసింది. తొక్కేవాళ్లు లేరు గానీ, ఎంతోకాలం తర్వాత హాయిగా నిద్రపోయాను. ఆ సెలవులన్నాళ్లూ ఒక్క క్లాసు మానలేదు.

ఆళ్లగడ్డ ఇంటి వాకిలి ఇప్పుడు ఎరువుల కొట్టు. విత్తనం ఒలిచి, రంగుమందు పట్టించి, సంచుల్లో కుట్టుకుని వస్తోంది, ఎవరి గోళ్లూ పగలవు. మొన్న బళ్లు తెరిచారు, పాప పాణ్యం వెళ్లిపోయింది. "ఈరోజుకు గోడే మీ జత అమ్మా" అంది టీచరమ్మ.

జరుగుతూ జరుగుతూ పోయి గోడకు ఆనుకున్నాను. చల్లగా ఉంది. ఉన్న బరువంతా దానిమీద వేశాను. బరువుగా ఉన్నానా అని అడగాల్సిన పని లేదు. నేను వచ్చేశాక జేజి గోడ కాడికి జరిగిందో లేదో ఎవరినీ అడగలేదు, ఇప్పుడు చెప్పేవాళ్లూ లేరు. ఆ సాయంత్రం నా నడుము కొంచెం కూడా నొప్పి పుట్టలేదు.